క్వాడ్ బైక్ జంప్: ఎగరడం తేలికే, దిగడం దగ్గరే లెక్కంతా

నాలుగు లావుపాటి చక్రాలు, బైక్ మీద కూర్చున్నట్టు కాళ్లు చెరోవైపు వేసుకునే సీటు, హ్యాండిల్. ఇదీ క్వాడ్ బైక్. ఆల్ టెర్రెయిన్ వెహికల్ అనే పూర్తి పేరును కుదించి ఏటీవీ అని కూడా అంటారు. మన దగ్గర చాలామంది దీన్ని మొదటిసారి చూసేది గోవాలోనో, మనాలిలోనో, హైదరాబాద్ శివార్లలోని ఏదైనా రిసార్ట్‌లోనో. నాలుగు రౌండ్లు తిప్పి దిగిపోవడంతో అక్కడి ముచ్చట ముగుస్తుంది. అమెరికా, కెనడా, ఆస్ట్రేలియాల్లో మాత్రం సొంత పొలంలోనో, ఇంటి వెనక ఖాళీ స్థలంలోనో మట్టి దిబ్బ పోసి, దాని మీదుగా క్వాడ్‌ను గాల్లోకి లేపడం దశాబ్దాలుగా ఉన్న అలవాటు. ఆ వీడియోలు ఇప్పుడు ప్రతి ఫోన్‌లోనూ కనిపిస్తున్నాయి. సొంత భూమి, జేసీబీ, ఒక సెకండ్ హ్యాండ్ క్వాడ్ ఉంటే మనమూ చేయొచ్చన్న ఆలోచన ఇక్కడి కుర్రాళ్లకూ వస్తోంది.

వీడియోలో కనిపించేది ఎగిరిన క్షణమే. గాయం అయ్యేదీ కానిదీ తేలేది మాత్రం దిగే చోట. దిబ్బను ఎలా కట్టారు, దిగే వాలు ఎంత పొడవుంది, మధ్యలో మట్టి నింపారా లేదా అన్న మూడు విషయాల మీదే దాదాపు అంతా ఆధారపడి ఉంటుంది. ఈ జంప్‌లు ఎలా పుట్టాయి, వాటి వెనక భౌతిక శాస్త్రం ఏమిటి, కట్టేవాళ్లు ఏం చూసుకోవాలి, భారత చట్టం ఏమంటుంది అన్నది ఈ వ్యాసంలో చూద్దాం.

మూడు చక్రాల నుంచి నాలుగుకు

ఈ వాహనాలు మూడు చక్రాలతో మొదలయ్యాయి. హోండా సంస్థ 1970లో అమెరికా మార్కెట్‌లోకి యూఎస్ 90 అనే మూడు చక్రాల బండిని తెచ్చింది. తర్వాత దాని పేరు ఏటీసీ 90గా మారింది. ఒళ్లంతా బెలూన్‌లాంటి టైర్లతో ఇసుకలో, మంచులో, బురదలో నడిచే ఈ బండి రైతులకూ వేటగాళ్లకూ నచ్చింది. ఆ వెంటనే సరదా రైడర్లకూ నచ్చింది. 1980ల మొదట్లో సస్పెన్షన్ మెరుగుపడి, ఇంజన్ శక్తి పెరిగి, ఇవి రేసు బళ్లయ్యాయి. మట్టి దిబ్బల మీదుగా దూకించడం అప్పుడే ఊపందుకుంది.

మూడు చక్రాల బండికి పుట్టుకతో వచ్చిన లోపం ఒకటుంది. ముందు ఒకే చక్రం కావడంతో మలుపులో తేలిగ్గా పల్టీ కొడుతుంది. నాలుగు చక్రాల బండిని మొదట మార్కెట్‌కు తెచ్చిన పేరు సుజుకీది. 1980ల తొలినాళ్లలో క్వాడ్‌రన్నర్ ఎల్‌టీ 125, 1985లో రేసింగ్ కోసం క్వాడ్‌రేసర్ ఎల్‌టీ 250ఆర్ వచ్చాయి. 1986లో హోండా టీఆర్ఎక్స్ 250ఆర్, 1987లో యమహా బాన్షీ ఆ దారిలో నడిచాయి.

ఈలోగా ఆసుపత్రులకు వచ్చే గాయాల సంఖ్య ప్రభుత్వాన్ని కదిలించింది. అమెరికాలో వినియోగ వస్తువుల భద్రతను చూసే ఫెడరల్ సంస్థ తయారీదారులపై కోర్టుకు వెళ్లింది. 1988 ఏప్రిల్‌లో కోర్టు ఆమోదంతో రాజీ ఒప్పందం కుదిరింది. దాని ప్రకారం కంపెనీలు కొత్త మూడు చక్రాల బళ్ల అమ్మకం ఆపేశాయి. 16 ఏళ్లలోపు వాళ్లకు 90 సీసీకి మించిన బళ్లు సిఫారసు చేయకూడదని, కొన్నవాళ్లకు శిక్షణ ఇవ్వాలని ఒప్పుకున్నాయి. పదేళ్లకు ఆ ఒప్పందం గడువు తీరింది. 2008లో అమెరికా కాంగ్రెస్ చేసిన వినియోగ వస్తువుల భద్రతా చట్టం ఏటీవీలకు తప్పనిసరి ప్రమాణాలు తెచ్చి, కొత్త మూడు చక్రాల బళ్ల దిగుమతికి, అమ్మకానికి తలుపు మూసింది.

నాలుగో చక్రం స్థిరత్వాన్ని పెంచింది. ప్రమాదాన్ని మాత్రం తీసేయలేదు. అమెరికాలో ఇలాంటి ఆఫ్ రోడ్ వాహనాల వల్ల ఏటా వందల మంది చనిపోతున్నారు, సుమారు లక్ష మంది ఎమర్జెన్సీ వార్డులకు వస్తున్నారు. ఇవన్నీ జంప్‌ల వల్లే జరిగినవి కావు. పల్టీలు, ఢీకొనడాలు, రోడ్డెక్కి నడపడాలు కూడా ఇందులో ఉన్నాయి. అయినా ఈ బండి బొమ్మ కాదని చెప్పడానికి ఆ అంకె చాలు.

బైక్ దూకడం వేరు, క్వాడ్ దూకడం వేరు

మోటోక్రాస్ బైక్ బరువు 110 కిలోల చుట్టూ ఉంటుంది. యమహా వైఎఫ్‌జడ్ 450ఆర్ లాంటి స్పోర్ట్ క్వాడ్ 180 కిలోలు దాటుతుంది. పొలం పనికి, అడవి దారులకు వాడే యుటిలిటీ క్వాడ్ 300 కిలోల పైమాటే. దూకడానికి తయారైనది స్పోర్ట్ రకం మాత్రమే. దాని సస్పెన్షన్ సుమారు 25 సెంటీమీటర్ల మేర కదిలి దెబ్బను మింగుతుంది. యుటిలిటీ బండి సస్పెన్షన్ బరువు మోయడానికి, గుంతలు దాటడానికి తయారైంది. రిసార్ట్‌లలో అద్దెకిచ్చే బళ్లను దూకుడుకు వాడకూడదనడానికి ఇదొక్క కారణం చాలు.

రెండో తేడా ప్రమాదం జరిగే తీరులో ఉంది. బైక్ అదుపు తప్పితే రైడర్ సాధారణంగా దాన్ని వదిలేసి పక్కకు పడతాడు. క్వాడ్ వెడల్పు నాలుగడుగుల దాకా ఉంటుంది. ముక్కు నేలకు గుచ్చుకుని బోర్లా పడితే రైడర్ ముందు పడతాడు, బండి వచ్చి అతని మీద పడుతుంది. ఛాతీ నలగడం, బండి కింద ఇరుక్కుని ఊపిరి అందకపోవడం క్వాడ్ మరణాల్లో తరచూ కనిపించే కారణాలు.

మూడో తేడా గాల్లో ఉంటుంది. బైక్ ఒకే గీత మీద దిబ్బ అంచును వదులుతుంది. క్వాడ్ ఎడమ చక్రాలు, కుడి చక్రాలు రెండు వేర్వేరు గీతల మీద వదులుతాయి. అంచు ఒకవైపు నాలుగు అంగుళాలు ఎత్తుగా ఉన్నా ఆ పక్క చక్రాలకు తన్ను ఎక్కువ తగిలి, బండి గాల్లో పక్కకు ఒరగడం మొదలుపెడుతుంది. ముక్కు పైకో కిందికో పోతే కొంత సరిదిద్దుకోవచ్చు. పక్కకు మొదలైన ఒరుగుడును గాల్లో ఆపే సాధనం రైడర్ చేతిలో లేదు.

దిబ్బల రకాలు

పేర్లన్నీ మోటోక్రాస్ నుంచి వచ్చినవే.

టేబుల్ టాప్: ఎక్కే వాలు, పైన బల్లలా చదునైన భాగం, దిగే వాలు. మధ్యలో ఖాళీ ఉండదు. ఎగరకుండా మెల్లగా ఎక్కి దిగిపోవచ్చు కూడా.

డబుల్: రెండు వేర్వేరు దిబ్బలు, మధ్యలో ఖాళీ. మొదటి దాని మీంచి లేచి రెండో దాని అవతలి వాలు మీద దిగాలి. తక్కువ పడితే రెండో దిబ్బ ముఖానికి గుద్దుకుంటారు.

స్టెప్ అప్: కింద నుంచి ఎగిరి ఎత్తైన గట్టు మీద దిగేది. శిఖరానికి చేరువలో దిగడం వల్ల దెబ్బ తక్కువ.

స్టెప్ డౌన్: ఎత్తు నుంచి కిందికి దూకేది. దిగే వాలు సరిగ్గా లేకపోతే అన్నిటికన్నా ఎముకలు విరిచేది ఇదే.

వూప్స్: వరుసగా చిన్న చిన్న గుట్టలు. ఎగరడానికి కాదు, పైపైన తేలిపోతూ దాటడానికి.

ఇంటి దగ్గర కట్టేవాళ్లలో చాలామంది డబుల్ వైపు మొగ్గుతారు. చూడ్డానికి గొప్పగా ఉంటుంది, మట్టీ తక్కువ పడుతుంది. ఆ మిగిలిన మట్టి విలువ ఎంతో కింది లెక్కలో తెలుస్తుంది.

ఒక దిబ్బ, ఐదు వేగాలు

అమెరికాలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, డేవిస్‌లో మెకానికల్ ఇంజినీరింగ్ ఆచార్యుడు మాంట్ హబ్బర్డ్ మంచు మీద స్కీ జంప్‌ల భద్రతపై పని చేశారు. దిగే దెబ్బ ఎంతో అందరికీ అర్థమయ్యేలా చెప్పడానికి ఆయన ముందుకు తెచ్చిన కొలత 'సమాన పతన ఎత్తు'. ఒక జంప్‌లో దిగినప్పుడు తగిలే దెబ్బ, ఎంత ఎత్తు నుంచి చదును నేల మీదికి నిలువుగా పడితే తగిలే దెబ్బతో సమానమో అది చెబుతుంది. కీలకం ఏమిటంటే, దెబ్బ బండి మొత్తం వేగాన్ని బట్టి ఉండదు. నేలకు లంబంగా ఉండే వేగ భాగాన్ని బట్టి ఉంటుంది. వాలు, బండి దిగే దారి దాదాపు ఒకే దిశలో ఉంటే చక్రాలు నేలను రాసుకుంటూ దిగుతాయి. అడ్డంగా ఉంటే గుద్దుకుంటాయి.

ఈ కొలతను క్వాడ్ దిబ్బకు అన్వయించి చూద్దాం. 1.2 మీటర్ల ఎత్తున్న టేబుల్ టాప్ అనుకుందాం. ఎక్కే వాలు 20 డిగ్రీలు, పైన చదును భాగం 6 మీటర్లు, దిగే వాలు 15 డిగ్రీలు. దిగే వాలు నేల మీద సుమారు నాలుగున్నర మీటర్ల పొడవు వస్తుంది. గాలి నిరోధాన్ని, బండి పొడవును పక్కనపెట్టి హైస్కూల్ భౌతిక శాస్త్రంలోని ప్రక్షేపక సూత్రాలతో లెక్కిస్తే ఫలితాలు ఇలా ఉంటాయి.

గంటకు 30 కి.మీ.: నాలుగున్నర మీటర్లు ఎగిరి చదును భాగం మీదే దిగుతుంది. దెబ్బ 0.4 మీటర్ల నుంచి పడినంత.

33 కి.మీ.: ఐదున్నర మీటర్లు. ఇంకా చదును మీదే. దెబ్బ 0.5 మీటర్లు.

36 కి.మీ.: దిగే వాలును అందుకుంటుంది. దెబ్బ 0.2 మీటర్ల లోపు. ఈ దిబ్బకు ఇదే సరైన వేగం.

38 కి.మీ.: వాలు కింది సగంలో దిగుతుంది. దెబ్బ 0.4 మీటర్ల లోపు.

40 కి.మీ.: వాలును పూర్తిగా దాటిపోయి చదును నేల మీద పడుతుంది. దెబ్బ 1.9 మీటర్ల నుంచి పడినంత.

36 నుంచి 40కి తేడా నాలుగే కిలోమీటర్లు. దెబ్బ మాత్రం పది రెట్లు. కారణం రెండింటిలో ఉంది. ఎగిరే దూరం వేగంతో సమానంగా పెరగదు, వేగం వర్గంతో పెరుగుతుంది. వేగం 20 శాతం పెరిగితే దూరం 44 శాతం పెరుగుతుంది. పైగా వాలు అయిపోయిన చోట దెబ్బ మెల్లగా పెరగదు, ఒక్కసారిగా దూకుతుంది. చాలా స్పోర్ట్ క్వాడ్‌లకు స్పీడోమీటర్ ఉండదన్నది కూడా గుర్తుంచుకోవాలి. చెవికి వినిపించే ఇంజన్ మోతను బట్టి నాలుగు కిలోమీటర్ల తేడా పట్టుకోవడం అనుభవజ్ఞులకే కష్టం.

ఇప్పుడు మధ్యలో మట్టి తీసేసి, ఇదే కొలతల్లో డబుల్ చేద్దాం. రెండో దిబ్బ ఇవతలి ముఖం 45 డిగ్రీల వాలుతో ఉందనుకుందాం. 30 కి.మీ. వేగంతో వచ్చిన బండి ఆ ముఖానికి గుద్దుకుంటుంది. ఆ దెబ్బ 3.6 మీటర్ల నుంచి పడినంత. అంటే డాబా మీంచి దూకినంత. అదే రైడర్, అదే బండి, అదే వేగం. టేబుల్ టాప్ మీద 0.4 మీటర్ల దెబ్బతో బయటపడేవాడు డబుల్ మీద ఆసుపత్రికి వెళ్తాడు.

మట్టి ఖర్చు కూడా చూద్దాం. నాలుగు మీటర్ల వెడల్పుతో ఈ టేబుల్ టాప్‌కు గట్టిపడిన మట్టి సుమారు 48 ఘనపు మీటర్లు కావాలి. తవ్విన మట్టి గుల్లబారి నాలుగో వంతు దాకా ఉబ్బుతుంది. కాబట్టి ట్రాక్టర్ ట్రాలీకి మూడు ఘనపు మీటర్ల చొప్పున 20 ట్రాలీలు అనుకోవాలి. పక్క వాలులకు ఇంకొంత అదనం. ఈ ఇరవైలో 12 ట్రాలీలు మధ్య చదును భాగానికే పోతాయి. డబుల్ కట్టేవాళ్లు ఆదా చేసేది ఈ మట్టిలోంచే. వేగం తక్కువైన రోజున రైడర్‌ను కాపాడేదీ ఈ మట్టే.

మరి 40 కి.మీ. సంగతి? దానికి మందు దిగే వాలును పొడిగించడం. దిగే వైపు నేలే సహజంగా పల్లంగా ఉన్న చోటు ఎంచుకుంటే తక్కువ మట్టితో ఎక్కువ పొడవు వాలు దొరుకుతుంది. అనుభవం ఉన్నవాళ్లు స్థలం చూసేటప్పుడు ముందుగా వెతికేది అలాంటి పల్లాన్నే. దిగిన తర్వాత బ్రేకు వేసుకోవడానికి చెట్టు, బావి, కంచె, కరెంటు స్తంభం లేని ఖాళీ నేల కూడా దండిగా ఉండాలి.

మట్టి పని

దిబ్బకు పనికొచ్చేది కొంత బంకమన్ను, కొంత ఇసుక కలిసిన మట్టి. పూర్తి ఇసుక నిలవదు. పూర్తి బంకమన్ను తడిస్తే జారుతుంది, ఎండితే పగులుతుంది. మన నల్లరేగడి ఈ రెండో రకంలో తీవ్రమైనది. వానాకాలంలో ఉబ్బి, వేసవిలో జానెడు బీటలు తీసే ఆ నేలతో కట్టిన అంచు ఒక్క సీజన్ కూడా ఆకారం నిలుపుకోదు. ఎర్ర చల్క నేలలు, గరప నేలలు ఇందుకు మేలు. రాళ్లు, చెట్ల వేర్లు, పాత సిమెంటు ముక్కలు ఏరేయాలి. కింద టైర్లు, దుంగలు, కూల్చిన ఇటుకలు వేసి పైన మట్టి కప్పడం చాలామంది చేసే పొరపాటు. ఆరు నెలల్లో మట్టి కుంగి లోపలిది బయటికి పొడుచుకొస్తుంది.

మట్టి అంతా ఒకేసారి పోసి పైన తొక్కించడం వల్ల పైపొరే గట్టిపడుతుంది. 15 నుంచి 20 సెంటీమీటర్ల పొరలుగా పోసి, తడిపి, రోలర్‌తోనో దిమ్మిసతోనో ప్రతి పొరనూ కుదించాలి. చెరువు కట్ట కట్టే పద్ధతే ఇది. తడి సరిపోయిందో లేదో చూడ్డానికి గుప్పెడు మట్టి పిసికి చూస్తారు. ముద్ద కట్టి, చేతికి నీరంటకుండా, కిందికి వదిలితే రెండు మూడు ముక్కలుగా విరిగితే సరిపోయినట్టు.

ఎక్కే వాలు ఆకారం మీద ప్రత్యేకంగా శ్రద్ధ పెట్టాలి. నేల నుంచి వాలులోకి మెల్లగా వంపు తిరగాలి. చివరి భాగం మాత్రం తిన్నగా ఉండాలి. ఆ తిన్నని భాగం కనీసం బండి ముందు, వెనక చక్రాల మధ్య దూరమంత, అంటే సుమారు 1.3 మీటర్లు ఉండాలి. అంతకన్నా ఎక్కువుంటే మరీ మంచిది. వంపు అంచు దాకా సాగితే సస్పెన్షన్ అణిగిన స్థితిలోనే బండి అంచు దాటుతుంది. వెంటనే వెనక స్ప్రింగులు విచ్చుకుని వెనక భాగాన్ని పైకి తన్నుతాయి. ముక్కు కిందికి పోయి బోర్లా పడే ప్రమాదాల్లో చాలా వాటికి మూలం ఇక్కడే.

అంచు అడ్డంగా సమమట్టంగా ఉందో లేదో కంటితో తేల్చుకోకూడదు. తాపీ మేస్త్రీ రసమట్టం గానీ నీళ్ల గొట్టం గానీ పెట్టి చూడాలి. 20 డిగ్రీల వాలు అంటే ప్రతి మీటరుకూ 36 సెంటీమీటర్ల ఎత్తు పెరగడం. ఫోన్‌లోని కోణం కొలిచే యాప్‌ను నిడుపాటి చెక్క మీద పెట్టి చూసినా సరిపోతుంది. వెడల్పు బండికి మూడింతలకు తగ్గకూడదు. పక్కల్లో నీరు పోవడానికి కాలువ తీయాలి. వాన వస్తే టార్పాలిన్ కప్పాలి. ఎక్కే వాలు గట్టిగా ఉండాలి. దిగే వాలు పైపొరను మాత్రం కొద్దిగా గుల్లగా ఉంచితే దెబ్బ ఇంకా తగ్గుతుంది. కట్టిన దిబ్బ కొన్ని రోజులు కుదురుకోవాలి. ఆ తర్వాత కొలతలు మళ్లీ చూడాలి. చక్రాలు తవ్విన గాడులను ప్రతి పూటా పూడ్చాలి, ఎందుకంటే అంచు మీద ఒకవైపు పడిన గాడి కూడా బండిని ఒరిగిస్తుంది.

ఎక్కడం, ఎగరడం, దిగడం

కొత్త దిబ్బ మీద మొదటి రోజు ఎగరరు. మెల్లగా ఎక్కి, పైన ఆగి చూసి, దిగుతారు. డబుల్‌తో ఈ సౌకర్యం లేదన్నది మరోసారి గమనించాలి. ఆ తర్వాత వేగాన్ని కొద్దికొద్దిగా పెంచుతూ చదును భాగం మీద దిగడం, చివరికి అవతలి వాలును అందుకోవడం. ప్రతిసారీ ఒకే చోటు నుంచి, ఒకే గేరులో మొదలుపెడితే వేగంలో తేడా తగ్గుతుంది.

రైడర్ కూర్చోకూడదు. ఫుట్ పెగ్‌ల మీద నిలబడి, మోకాళ్లు, మోచేతులు కొద్దిగా వంచి ఉంచాలి. కూర్చుని దిగితే దెబ్బ నేరుగా వెన్నుపూసకు చేరుతుంది. వాలు ఎక్కుతున్నంత సేపూ యాక్సిలరేటర్ నిలకడగా ఉండాలి. అంచు దగ్గర భయపడి వదిలేస్తే ముక్కు కిందికి వాలుతుంది. ఆఖరి క్షణంలో గట్టిగా నొక్కితే ముక్కు పైకి లేస్తుంది. క్వాడ్‌లో యాక్సిలరేటర్ బైక్‌లా తిప్పేది కాదు, బొటనవేలితో నొక్కే మీట. బైక్ అలవాటుతో వచ్చినవాళ్లు ఇక్కడే తడబడతారు.

గాల్లో ముక్కు వాలుతుంటే యాక్సిలరేటర్ కొద్దిగా నొక్కాలి. వెనక చక్రాల భ్రమణం పెరిగి, దానికి ప్రతిచర్యగా ముక్కు లేస్తుంది. ముక్కు మరీ లేస్తే వెనక బ్రేకు తాకించాలి. చక్రాలు ఆగి ముక్కు కిందికి వస్తుంది. ఇవి చిన్న దిద్దుబాట్లే. తప్పు వేగంతో, వంకర అంచు మీంచి లేచిన బండిని ఇవి రక్షించలేవు. దిగేటప్పుడు నాలుగు చక్రాలూ వాలుకు సమాంతరంగా, లేదా వెనకవి ఒక్క క్షణం ముందుగా తాకాలి.

ఒంటి మీద ఏముండాలి, పక్కన ఎవరుండాలి

ముఖం పూర్తిగా కప్పే మోటోక్రాస్ హెల్మెట్, గాగుల్స్, ఛాతీకీ వీపుకీ రక్షణ కవచం, మోకాలి దాకా వచ్చే బూట్లు, గ్లవ్స్ కనీస అవసరం. మెడకు బ్రేస్ ఉంటే మంచిది. రైడర్ పడిపోగానే ఇంజన్ ఆగేలా మణికట్టుకు తగిలించే తాడు స్విచ్ తప్పనిసరి. ఒంటరిగా దూకకూడదు. బండి మీద పడితే ఎత్తడానికి కనీసం ఇద్దరు పెద్దవాళ్లు ఉండాలి. దిగే వైపు దారి ఖాళీగా ఉందని జెండా చూపే మనిషి ఉండాలి, ఎందుకంటే ఎక్కే వాలు కింద ఉన్న రైడర్‌కు అవతల ఎవరు పడి ఉన్నారో కనిపించదు. వీడియో తీసేవాళ్లు దిబ్బ పక్కన, దిగే చోటు దగ్గర నిలబడకూడదు. పడినవాళ్లు మెడ నొప్పి అంటే కదిలించకుండా 108కు ఫోన్ చేయాలి. ఆ అంబులెన్స్ పొలం దాకా రాగల దారి ఉందో లేదో ముందే చూసుకోవాలి.

బండికి తలపైన రక్షణ చట్రం బిగిస్తే సరిపోదా అన్న ప్రశ్న వస్తుంది. ఆస్ట్రేలియాలో పొలాల్లో పల్టీ మరణాలు ఎక్కువ కావడంతో, 2021 అక్టోబర్ నుంచి అమ్మే కొత్త సాధారణ వినియోగ క్వాడ్‌లన్నిటికీ అలాంటి చట్రం తప్పనిసరి చేశారు. హోండా, యమహా ఆ మార్కెట్‌లో క్వాడ్‌ల అమ్మకం మానుకున్నాయి. ఆ నిబంధన పొలం పని బళ్లకు. స్పోర్ట్ క్వాడ్‌లు దాని పరిధిలో లేవు. మన ఇంజినీరింగ్ విద్యార్థులు మధ్యప్రదేశ్‌లోని పీతంపూర్‌లో జరిగిన బాహా ఎస్‌ఏఈ ఇండియా పోటీలకు తయారుచేసే బండి మరో రకం. అందులో డ్రైవర్ ఉక్కు పంజరం లోపల, బెల్టులతో సీటుకు కట్టుకుని కూర్చుంటాడు. పంజరం, బెల్టు కలిసి పనిచేస్తాయి. క్వాడ్ రైడర్‌కు రెండూ ఉండవు. కాబట్టి ఆ పోటీల వీడియోల్లో బండి ఎగిరిందని క్వాడ్‌ను అదే చేత్తో ఎగరేయడానికి లేదు.

భారత చట్టం ఎక్కడ వర్తిస్తుంది

సాధారణ క్వాడ్‌లు మన దేశంలో రోడ్డు వాహనాలుగా రిజిస్టర్ కావు. 2020లో పొలారిస్ సంస్థ స్పోర్ట్స్‌మన్ 570ని ట్రాక్టర్ వర్గంలో ఆమోదం పొంది అమ్మకానికి తేవడం ఒక మినహాయింపు. మిగతావి రోడ్డెక్కకూడదు. మోటారు వాహనాల చట్టం, 1988లోని 39వ సెక్షన్ రిజిస్ట్రేషన్ లేని మోటారు వాహనాన్ని బహిరంగ ప్రదేశంలోనే కాదు, మరే ప్రదేశంలోనూ నడపకూడదంటుంది. అయితే అదే చట్టంలోని నిర్వచనం ఫ్యాక్టరీలో గానీ, హద్దులు మూసిన ఆవరణలో గానీ మాత్రమే వాడే ప్రత్యేక తరహా వాహనాలను 'మోటారు వాహనం' పరిధి నుంచి మినహాయిస్తుంది. కాబట్టి కంచె ఉన్న సొంత స్థలం దాటి ఊరి డొంక దారిలోకి వచ్చినా చిక్కే. ప్రజలకు వచ్చిపోయే హక్కున్న ఏ దారైనా చట్టం దృష్టిలో బహిరంగ ప్రదేశమే. అక్కడ థర్డ్ పార్టీ బీమా కూడా తప్పనిసరి. రిజిస్ట్రేషన్ లేని బండికి ఆ బీమా దొరకదు.

పిల్లల విషయంలో 2019 సవరణ కఠినమైనది. మైనర్ వాహనం నడిపి ఈ చట్టం కింద నేరం చేస్తే తల్లిదండ్రులకు లేదా బండి యజమానికి మూడేళ్ల దాకా జైలు, 25 వేల రూపాయల జరిమానా పడొచ్చు. సొంత స్థలంలో జరిగినా, నిర్లక్ష్యం వల్ల ఎవరైనా చనిపోతే భారతీయ న్యాయ సంహితలోని 106వ సెక్షన్ ఉంది. శిక్ష ఐదేళ్ల దాకా. స్నేహితులను పిలిచి దూకించిన స్థల యజమాని కూడా ఈ ప్రశ్న నుంచి తప్పించుకోలేడు. రైడర్‌కు వ్యక్తిగత ప్రమాద బీమా ఉన్నా, సాహస క్రీడలను మినహాయించే షరతు చాలా పాలసీల్లో ఉంటుంది. ఆ కాగితం ముందే చదువుకోవాలి.

పద్ధతిగా నేర్చుకోవాలనుకునేవాళ్లకు దేశంలో మోటార్ స్పోర్ట్స్ వ్యవహారాలు చూసే ఎఫ్ఎంఎస్‌సీఐ గుర్తింపు పొందిన పోటీలు, శిక్షణ కేంద్రాలు ఉన్నాయి. వాటిలో జంప్‌లన్నీ ప్రధానంగా ద్విచక్ర వాహనాలవే. అయినా దిబ్బ ఎలా కట్టారో, ప్రతి రౌండ్ మధ్యలో అంచులను ఎలా సరిచేస్తారో, జెండా మనుషులు ఎక్కడ నిలబడతారో, అంబులెన్స్ ఎక్కడ ఆగి ఉంటుందో ఒక రోజు చూసి వస్తే సొంతంగా కట్టేవాళ్లకు చాలా తెలుస్తుంది.

ఇక సొంతంగా కట్టాలనే అనుకుంటే, మట్టికి ఆర్డర్ ఇచ్చేముందు వేసుకోవాల్సిన ప్రశ్నలు నాలుగు. దిగే వాలు ఎక్కే వాలు కన్నా పొడవుందా? మధ్య భాగం నిండి ఉందా? అంచు రసమట్టానికి సరిగ్గా ఉందా? పడితే ఎత్తే మనుషులు, వచ్చే అంబులెన్స్‌కు దారి ఉన్నాయా? నాలుగింటిలో దేనికి లేదన్నా, ఆ దిబ్బ మీద మెల్లగా ఎక్కి దిగొచ్చు. ఎగరకూడదు.